మనసు చెదరిన బిడ్డలు

విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన 17 సంవత్సరముల బాలిక యొకతె 2023 జూలైలో మరణించినది. ఆ మరణమునుగూర్చి తండ్రి తెచ్చిన వ్యాజ్యమున భారత సుప్రీంకోర్టు 2025 జూలై 25వ తేదీన తీర్పు చెప్పుచు, మానసికారోగ్యము రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కులో అంతర్భాగమని ప్రకటించినది. అంతటితో నాగక విద్యాసంస్థలు పాటింపవలసిన 15 నియమములను విధించినది. 100 మందియు అంతకు మించియు విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హతగల కౌన్సెలరునో, మనస్తత్త్వవేత్తనో, సాంఘిక కార్యకర్తనో ఒక్కరినైనను నియమింపవలెను. మార్కులనుబట్టి పిల్లలను జట్లుగా విడదీయుటయు, పదిమందిలో అవమానించుటయు మానవలెను. ఆపదలో పిలువవలసిన టెలిఫోను సంఖ్యలు హాస్టలు గోడలమీద కనబడవలెను. సిబ్బందికి ఏటికి రెండుమారులైనను శిక్షణ యొసగవలెను. జిల్లా కలెక్టరు అధ్యక్షత క్రింద పర్యవేక్షణ సంఘ మొకటి యుండవలెను. ఈ తీర్పును మేము మనఃపూర్వకముగా స్వాగతించుచున్నాము. ఏటేట పరీక్షాఫలితములు వెలువడిన మఱునాటి పత్రికలలో పసివారి మరణవార్తలు అచ్చువేయవలసివచ్చుచున్న మావంటివారికి ఇట్టి తీర్పు ఎప్పుడో రావలసినదిగానే తోచును. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియేటు ఫలితములు తప్పులతడకగా వెలువడినప్పుడు 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. దేశమంతటను 2022లో ఇట్లు మరణించిన విద్యార్థులు 13,044 మంది యని ప్రభుత్వపు నేరగణాంక శాఖవారి లెక్క.

అయితే ఈ తీర్పు అమలు జరిగిన మఱునాడు పుట్టెడు ప్రశ్న యొకటి కలదు. దానినిగూర్చి ఎవరును మాట్లాడుట లేదు. కాలేజీలో కౌన్సెలరు నియమింపబడెననుకొందము. పది దినములుగా నిద్రలేక, అన్నము ముట్టక, ఎవరితోను పలుకక యున్న బిడ్డను ఆమె కనుగొనెననుకొందము. ఇది సోమరితనము కాదు, వ్యాధి యని చెప్పెననుకొందము. పిమ్మట ఆ బిడ్డ ఎచటికి పోవలెను? కౌన్సెలరు కుర్చీకిని పెద్ద పిచ్చాసుపత్రి గుమ్మమునకును నడుమ మన జిల్లాలలో ఏమున్నది? పెక్కుచోట్ల ఏమియు లేదనియే చెప్పవలసియున్నది. పిల్లలకని వేఱుగా నొక గది గాని, వారమునకొక దినము గాని, పిల్లల మనస్సునుగూర్చి ప్రత్యేకముగా చదివిన వైద్యుడు గాని లేని జిల్లా ఆస్పత్రులే హెచ్చు.

ఏమియు లేనిచోట ప్రజలు తమకు తోచినది చేయుచున్నారు. మొదట గాలి సోకినదందురు. తాయెత్తు కట్టుదురు, భూతవైద్యుని యింట పిల్లను కూర్చుండబెట్టి వేపమండలతో కొట్టింతురు. చదువుకొన్న కుటుంబములలోను ఇది చాటుగా జరుగుచునే యున్నది. దానితో కుదురనిచో, అది పొగరని నిర్ణయింతురు. పొగరునకు మందు హాస్టలు. ఈ రెండవ పద్ధతినిగూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన మా పాఠకులలో ననేకులు, పొలము పుట్రయు పరువు ప్రతిష్ఠయు గలవారు, దీనినే ఆశ్రయించుచున్నారు.

పదునాలుగేండ్ల బాలుడు బడికి పోనని మొండికెత్తినను, రాత్రులు మేల్కొని సెల్లుఫోనుతో గడపినను, తండ్రికి ఎదురుచెప్పినను, గంజాయి ముట్టెనని అనుమానము కలిగినను, వెంటనే కుటుంబములో వినబడు మాట ఒక్కటే: "హాస్టలులో వేసిన దారిలో పడును." అప్పుచేసియైనను లక్ష, రెండు లక్షలు కట్టి దూరపు పట్టణమున చేర్తురు. తెల్లవారక మునుపే లేపి రాత్రి పదిగంటలు దాటువఱకు చదివించు చోట, ఆదివారము మాత్రమే తల్లి గొంతు వినబడు చోట, నిద్రకును ఆటకును స్నేహమునకును ఎడములేని చోట, అప్పటికే మనసు చెదరియున్న బిడ్డను వదలి వత్తురు. వరిచేలో తెగులు సోకిన దుబ్బును పెఱికి ప్రక్కచేలో నాటిన తెగులు పోవునా? పైరుమీద పురుగు కనబడిన నాడే ఆకు కోసికొని పట్టణమునకు పరుగెత్తి మందు తెచ్చు రైతు, ఇంట బిడ్డ ఆఱునెలలుగా నవ్వుట మానివేసిన సంగతి కనిపెట్టలేకపోవుచున్నాడు. కనిపెట్టినను, దానికి వైద్యమున్నదని తెలియక, క్రమశిక్షణ యని పేరుపెట్టి ఇల్లు దాటించుచున్నాడు.

మూడవ పద్ధతి ఎఱ్ఱగడ్డ. హైదరాబాదునందలి ఆ ఆస్పత్రి పేరును మనవారు పరిహాసమునకే వాడుదురు. కావుననే అవసరము కలిగినప్పుడు అచటికి పోవుటకు సిగ్గుపడుదురు. విశాఖపట్టణపు ఆస్పత్రికిని ఇదియే గతి. అచటి వైద్యులు మందినిబట్టి చాలనివారేగాని పనిలో తక్కువవారు కారు. దోషము ఆ పేరును నవ్వులపాలు చేసిన మనది.

ఈ మూడు పద్ధతులకును సామాన్యమైన లక్షణ మొకటి కలదు. మూడును బిడ్డను ఇంటినుండియు, బడినుండియు, ఊరినుండియు వేఱుచేయునవే. వేఱుచేయుటయే చికిత్స యను భ్రమ మనలో నాటుకొని యున్నది. ఈ భ్రమ ఎట్లు పుట్టినదో చెప్పుటకు ముందు, ఎవరినిగూర్చి మాట్లాడుచున్నామో స్పష్టపఱచుట మంచిది.

అల్లరి వేఱు, బుద్ధిమాంద్యము వేఱు, మనోవ్యాధి వేఱు. బుద్ధి వికాసము పుట్టుకతోనే మందగించిన పిల్లలకు కావలసినది ప్రత్యేక శిక్షణము. దానికై సికిందరాబాదున 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ యొకటి కలదు. మేము చెప్పుచున్నది తీక్ష్ణమైన బుద్ధి గలిగియు దిగులుతో, భయముతో, నిద్రలేమితో, లేని మాటలు చెవిని బడుటతో, తన శరీరమును తానే గాయపఱచుకొను కోరికతో బాధపడు బాలబాలికలనుగూర్చి. బెంగుళూరులోని నిమ్హాన్సువారు 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ పరిశీలనమున, 13 మొదలు 17 ఏండ్ల వయస్సువారిలో నూటికి 7.3 మంది ఇట్టి వ్యాధులతో నున్నట్లు తేలినది. మహానగరములలో నూటికి 13.5. ఆ పండ్రెండింటిలో మన రెండు రాష్ట్రములును లేవు. అయినను ఆ లెక్కనే మనకు అన్వయించుకొన్నచో, 300 మంది చదువుచున్న ఉన్నత పాఠశాలలో ఇరువది మందికి తక్కువ కారు. వీరిలో ఎందఱి పేర్లు ప్రధానోపాధ్యాయునికి తెలియును? జీవితకాలమున వచ్చు మనోవ్యాధులలో సగము పదునాలుగేండ్లలోపుననే మొదలగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా మనము పెద్దవారికని కట్టుచున్న ఆస్పత్రులలో చేరువారిలో అనేకులు బడిలో నున్నప్పుడే చికిత్స పొందదగినవారు.

ఇంకొక మాట. చనిపోవలెనని బిడ్డ అన్నచో, ఆ మాట ఎత్తిన నిజముగా ఆ పని చేయునేమోయని పెద్దలు భయపడి మాట మార్చుదురు. ఇది పొరపాటు. ప్రేమతో, నేరుగా, "నీకు చావవలెనని తోచుచున్నదా?" యని అడుగుటవలన ఆ తలంపు పుట్టదు, దాచుకొన్న భారము దిగును. అట్టి బిడ్డను ఒంటరిగా విడువక అదే దినమున వైద్యుని చూపవలెను.

ఇక వేఱుచేయు భ్రమ. దీనికి కొంత చరిత్ర కలదు. కంపెనీవారి చేతినుండి రాజ్యము రాణి చేతికి మాఱిన 1858వ సంవత్సరముననే ఉన్మత్తుల ఆశ్రమముల చట్టము పుట్టినది. విశాఖపట్టణమున 1871లో ఆశ్రమము వెలసినది. ఆనాటి పాలకులకు ఉన్మత్తుడు రోగి కాడు, శాంతిభద్రతలకు విఘ్నము. 1912 నాటి చట్టమున మేజిస్ట్రేటు ఉత్తరువుతో మనుష్యుని లోపలికి పంపుటకును, అతని ఆస్తిని కాపాడుటకును చూపిన శ్రద్ధ చికిత్సకు చూపలేదు. బాలలకు సంబంధించినంతవఱకు, చెన్నరాజధానిలో 1920లో వచ్చిన బాలల చట్టము దేశమునకే మొదటిదని పేరుపొందినది. అదియు నేరము చేసిన, దిక్కులేని పిల్లలను సర్టిఫైడు పాఠశాలలలో నుంచు ఏర్పాటుగానే నడచినది. పరపాలకుల మనస్తత్త్వము మనకు తెలియనిది కాదు. ఆశ్చర్యకరమైన దేమనగా, స్వరాజ్యము వచ్చిన తరువాత నలువది యేండ్లకు, అనగా 1987లో గాని, మనవారు కొత్త చట్టము చేయలేదు. అదియు 1993లో గాని అమలునకు రాలేదు. తెల్లవారు పోయిన తరువాత నలువదియైదేండ్లకు పైగా తెల్లవారి ఉన్మత్త చట్టమే మన బిడ్డలను పాలించినది. దండి యుప్పుపన్నును ధిక్కరించిన జాతి దీనిని ఒక్కనాడును ధిక్కరింపలేదు.

ఆ నిర్లక్ష్యమునకు ఫలము 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడున రామనాథపురము జిల్లా ఏర్వాడిలో కనబడినది. దర్గా చుట్టును వెలసిన ఆశ్రమములలో నొకదానికి తెల్లవాఱుజామున నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్నందున పాఱిపోవుటకు వీలులేక 28 మంది కాలిపోయిరి. వారిని అచట చేర్పించినవారు కసాయివారు కారు. మనవంటి కుటుంబములవారే. ఇంటిలో నుంచుకొనలేక, చెంతనే వైద్యము లేక, భగవంతునిపై భారము వేసి పోయినవారు.

ఇందుకు ప్రత్యామ్నాయము పాశ్చాత్యులనుండి ఎరువు తెచ్చుకొనవలసినది కాదు. దేశవిభజన గాయములు ఆఱని 1950ల దశకమున అమృతసరపు మానసిక చికిత్సాలయమున డాక్టరు విద్యాసాగరు గారు రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణముననే డేరాలు వేయించి రోగులతో నుండనిచ్చెను. తల్లియో భార్యయో వండిపెట్టుచు, మందు వేయించుచు, వైద్యుడు చెప్పిన మాటలు వినుచు, వ్యాధియననేమో తెలిసికొని, వారములలో రోగిని వెంటబెట్టుకొని ఇంటికి పోయెడివారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో స్థాపించిన మానసికారోగ్య కేంద్రమున కుటుంబము రోగితో కూడ నుండవలెనను నియమమే చికిత్సకు పునాది యైనది. గదులు చాలక, నర్సులు చాలక చేసిన ఏర్పాటని కొందఱందురు. చాలమినుండి పుట్టినను అది సత్యమునే కనుగొన్నది: ఇంటిలో మార్పు రానిచో, ఆస్పత్రిలో కుదిరిన బిడ్డ ఇంటికి పోయిన నెలకే మరల చెడును. పెద్దవారికి నిజమైనది పిల్లలకు పదిరెట్లు నిజము.

2017లో పార్లమెంటు చేసి 2018లో అమలుపఱచిన మానసికారోగ్య సంరక్షణ చట్టము ఈ సత్యమును గ్రహించినది. ఆ చట్టమున పిల్లల ప్రవేశమునుగూర్చిన 87వ ప్రకరణమును ప్రతి తండ్రియు తెలిసికొనదగును. 18 ఏండ్లు నిండని బిడ్డను మానసిక చికిత్సాలయమున చేర్చుకొనవలెనన్న, ఇద్దఱు నిపుణులు, అందొకరు మనోవైద్యుడై యుండగా, వేఱువేఱుగా పరీక్షింపవలెను. బిడ్డయొక్క క్షేమమునకు ప్రవేశము అవసరమనియు, ప్రవేశము లేకయే ఊరిలో నుండి చికిత్స చేయు మార్గము లేదనియు వారు నిర్ణయింపవలెను. పెద్దవారితో కలిపి ఉంచరాదు. సంరక్షకుడు గాని అతడు నియమించిన వ్యక్తి గాని బిడ్డ ఉన్నన్ని నాళ్లును తోడుండవలెను. ఆడపిల్లకు స్త్రీయే తోడుండవలెను. ప్రవేశమునుగూర్చి 72 గంటలలో సమీక్షా బోర్డునకు తెలుపవలెను. 30 దినములు దాటిన బోర్డువారు విధిగా విచారింపవలెను; పిమ్మట ప్రతి 30 దినములకును మరల విచారింపవలెను. వేఱు ప్రకరణములలో గొలుసులు నిషేధింపబడినవి, ఏకాంత నిర్బంధము నిషేధింపబడినది, బలవంతపు శిరోముండనము నిషేధింపబడినది. పిల్లలకు విద్యుచ్చికిత్స బోర్డు అనుమతి లేక చేయరాదు. కుటుంబము అంగీకరింపలేదనియో, ఊరిలో వసతులు లేవనియో ఎవరిని గాని చికిత్సాలయముననే ఉంచివేయరాదని 19వ ప్రకరణము.

ఇంత చక్కని శాసనము కాగితముమీద నున్నది. దానిని నడపవలసిన సమీక్షా బోర్డులే అనేక రాష్ట్రములలో సంవత్సరముల తరబడి ఏర్పడలేదు. బోర్డు లేనిచోట 72 గంటల నోటీసు ఎవరికి పోవును? ముప్పదవనాటి విచారణ ఎవరు చేయుదురు?

ఈ లోపుగా పట్టణముల శివారులలో "పునరావాస కేంద్రము" లనియు, "వ్యసనవిముక్తి నిలయము" లనియు బోర్డులు కట్టిన ఇండ్లు వెలయుచున్నవి. మత్తుపదార్థముల వ్యసనమును పై చట్టమున మనోవ్యాధిగానే పరిగణించినందున ఇట్టి ఇండ్లును దానికి లోబడినవే. రాష్ట్ర మానసికారోగ్య అధికార సంస్థవద్ద నమోదు కానిది నడుపుట నేరము. వీనిలో మంచివి లేవని మేమనము. కాని నెలకింత యని రొక్కము పుచ్చుకొని, రాత్రివేళ మనుష్యులను పంపి కుఱ్ఱవానిని కారులో ఎక్కించుకొని పోయి, మూడు నెలలవఱకు తల్లిదండ్రులు చూడరాదని షరతు పెట్టు వ్యాపారమునకు చికిత్స యని పేరుపెట్టుట సహింపరానిది. అట్టి చోట బిడ్డను అప్పగింపబోవు తండ్రి రొక్కము చెల్లింపకమునుపు అడుగవలసినవి అడుగవలెను. నమోదు పత్రము చూపుడని అడుగవలెను. మనోవైద్యుడు వారమునకెన్ని దినములు వచ్చునో, బిడ్డను చేర్చుకొనకముందు పరీక్షించునో లేదో అడుగవలెను. తల్లి అచటనే ఉండవచ్చునా యని అడుగవలెను. ఉండరాదనిన, ఆ ఒక్క సమాధానముతోనే మరలి రావచ్చును. చట్టమే ఉండుమని చెప్పుచుండగా వలదను హక్కు వారికి లేదు.

మఱి ఇంటికి దూరముగా నుంచి చికిత్స చేయుట ఎన్నడును అవసరము లేదా? ఉన్నది. ప్రాణాపాయము దగ్గఱపడిన బిడ్డ, తిండి మాని శరీరము శిథిలమైన బిడ్డ, లేని మాటలు వినబడి తన్ను తానెఱుగని బిడ్డ కొన్ని వారములు రేయింబవళ్లు వైద్యుల కనుసన్నల నుండవలసినదే. వారి సంఖ్య స్వల్పము. వారికై మేము కోరునది నూఱు మంచముల భవనము కాదు. జిల్లా కేంద్రమున పది పండ్రెండు మంచముల చిన్న యిల్లు, తల్లికి చోటు, చదువు ఆగకుండుటకొక ఉపాధ్యాయుడు, ఆడుకొనుటకు జాగా, తలుపులకు లోపలనుండి తీయదగిన గడియలు. వచ్చిననాడే తిరిగి ఇంటికి పోవు దినమునుగూర్చి ఆలోచింపవలెను. ఇంటికి పోయిన తరువాత సాంఘిక కార్యకర్త వెంటబోయి చూడవలెను. ఇది లేనిచో, ఎంత మంచి ఆస్పత్రియైనను చిల్లికుండలో నీరు పోసినట్లే.

ఇల్లే వ్యాధికి కారణమైన పిల్లల సంగతి వేఱు. తాగివచ్చి కొట్టు తండ్రి గల బిడ్డను, ఇంటిలోననే మానభంగమునకు గుఱియైన బిడ్డను ఇంటికే పంపుమనుట క్రూరము. ఇట్టివారు బాలల సంక్షేమ సమితి ముందునకు వత్తురు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము సంస్థలో నుంచుట చివరి యుపాయము మాత్రమే. బంధువుల యిల్లు, లేనిచో పోషక కుటుంబము ముందు వెదకవలెను. రుమేనియా దేశమున 2000వ సంవత్సరము మొదలు 136 మంది శిశువులతో జరిగిన పరిశోధనము ఈ విషయమున లోకమునకు కనువిప్పు కలిగించినది. అనాథాలయములలోననే ఉంచిన శిశువులకంటె పోషక కుటుంబములకు పంపిన శిశువుల బుద్ధియు మనస్సును మేలుగా వికసించినవి. రెండేండ్లలోపున పంపిన వారిలో ఈ మేలు మఱింత స్పష్టముగా కనబడినది. మన దేశమున ఇట్టి పిల్లలను కుటుంబములలో పెంచుటకు మిషన్ వాత్సల్య క్రింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటున్నది. మేనమామ యింట పెరుగుట మన జాతికి కొత్త కాదు. ఆ మేనమామకు ఆ రూకలు అందుచున్నవో లేదో చూచువారే కొఱవడియున్నారు.

ఇక మిక్కిలి హెచ్చుమంది, నూటికి తొంబదిమందికి పైగా ననవచ్చును, ఇంటనుండియే, బడికి పోవుచునే కుదురదగినవారు. వీరికి కావలసినది దగ్గఱి వైద్యము. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము మొదలైనది. బళ్లారి జిల్లాలో నిమ్హాన్సువారు చేసిచూపిన పనిని ఆదర్శముగా గొని 1996లో జిల్లా కార్యక్రమము పుట్టినది. మన పొరుగుననే, తెలుగు వినబడు బళ్లారిలో, సామాన్య వైద్యులకును ఆరోగ్య కార్యకర్తలకును శిక్షణయిచ్చి మనోవ్యాధులకు చికిత్స చేయింపవచ్చునని నిరూపణమై నలువదియేండ్లు కావచ్చినది. 2013 నుండి బడిపిల్లల ఆరోగ్యమును తనిఖీ చేయు బృందములున్నవి. 2014 నుండి 10 మొదలు 19 ఏండ్లవారికై కిశోర స్వాస్థ్య కార్యక్రమమున్నది. ఇన్ని పేర్లున్నవి. పంటి పుచ్చును, రక్తహీనతను చూచు బృందము బిడ్డతో ఐదు నిమిషములు కూర్చుండి నిద్ర పట్టుచున్నదా యని అడుగుటకు వీలుకలిగింపని కార్యక్రమము పేరునకే కార్యక్రమము.

దీనికి మన ప్రభుత్వములవారు తేలికయైన మార్గమొకటి కనిపెట్టుదురని మాకు భయము. ఉపాధ్యాయులకు రెండు దినముల శిక్షణయిచ్చి, "నేటినుండి మీరే కౌన్సెలరులు" అని ఉత్తరువు వ్రాసి చేతులు దులుపుకొందురు. జనాభా లెక్కలు, ఎన్నికలు, మధ్యాహ్న భోజనము చాలక ఇదియొకటి. బీహారున నలందా జిల్లాలో 74 పాఠశాలలలో జరిగి, 2018లో ప్రకటితమైన పరిశోధనము దీనికి సూటియైన సమాధానము. కొన్ని బడులలో మనోవైద్యము చదువకపోయినను ఈ పనికే శిక్షణపొంది ఈ పనియే చేయు కార్యకర్తలను నియమించిరి. కొన్నిటిలో ఉన్న ఉపాధ్యాయులచేతనే అదే పనిని చేయించిరి. కార్యకర్తలున్న బడులలో పిల్లల దిగులు తగ్గినది, ఒకరినొకరు హింసించుట తగ్గినది, బడియందు ప్రీతి పెరిగినది. ఉపాధ్యాయులచేత చేయించిన బడులలో చెప్పదగిన మార్పు కనబడలేదు. మార్కులు వేయు చేయి ముందు బిడ్డ తన మనసు విప్పదు. ప్రైవేటు కాలేజీలలో నియమింపబడు కౌన్సెలరులకును ఇదియే వర్తించును. బిడ్డ చెప్పిన మాట సాయంకాలమునకు ప్రిన్సిపాలు మేజామీదికి చేరునెడల మఱునాడు ఏ బిడ్డయు ఆ గది గుమ్మము త్రొక్కదు. సుప్రీంకోర్టువారి నియమమును అక్షరాలా పాటించి, ప్రాణమును చంపివేయుటకు ఇదియే దారి.

అటులనే పిలుపుల మాట. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను పైకము లేక పిలువవచ్చును, తెలుగున మాటలాడువారున్నారు. ఆపదలోని పిల్లలకు 1098 ఉన్నది. ఇవి మేలైనవి. ఈ మాటలు చదువుచున్న ఇంట బిడ్డలున్నచో ఈ రెండు సంఖ్యలను గోడమీద వ్రాసియుంచుటకు సిగ్గుపడ నక్కఱలేదు. కాని టెలిఫోనులో విన్నవాడు "దగ్గఱి వైద్యుని చూడుడు" అని చెప్పవలసియే యుండును. దగ్గఱి వైద్యుడే లేనిచో?

పరువు మాట ఎత్తక ఈ విషయము ముగింపరాదు. ఆడపిల్లను మనోవైద్యునికి చూపిన పెండ్లి కాదని తల్లులు భయపడుదురు. ఈ భయము నిరాధారము కాదు. సంబంధములు వెదకువారు వినుచునే యుందురు. అయితే చికిత్స లేక ఇరువదియేండ్లకు ముదిరిన వ్యాధిని ఎంత పరువుగల ఇల్లైనను దాచలేదు. అత్తవారింట బయటపడి, మోసమని పంచాయితీలకెక్కి, కోర్టులకెక్కి, ఆ పిల్ల బ్రతుకు ఎట్లగుచున్నదో మా పాఠకులెఱుగుదురు. పదునాలుగవ యేట ఆఱునెలల చికిత్సతో పోదగినదానిని పరువు పేరిట పదిలపఱచుట ఏమి లౌక్యము? ఊరి పెద్ద తన మనుమనిని పట్టపగలు జిల్లా ఆస్పత్రి మనోవైద్యశాలకు తీసికొనిపోయిననాడు ఆ ఊరిలో నూఱు ఉపన్యాసములు చేయలేని పని జరుగును.

ధనము లేదందురు. కేంద్రప్రభుత్వపు ఆరోగ్యవ్యయమున మానసికారోగ్యము భాగము నూటికొక రూపాయ చుట్టుప్రక్కల. అందును పెద్దపాలు ఒకటి రెండు మహాసంస్థలకే పోవుచున్నది. ఆ సంస్థలను తగ్గింపుమని మేమనము. జిల్లాకు రావలసినది జిల్లాకు రానిండని అడుగుచున్నాము. మన జమీందారులును, రైతులును, వర్తకులును వెనుకటి తరములో సత్రములు కట్టించిరి, విద్యార్థి వసతిగృహములు కట్టించిరి, గ్రంథాలయములకు స్థలములిచ్చిరి. నేడు జిల్లా కేంద్రములలో తాళము వేసిన పాత మండువా యిండ్లు ఎన్నో కలవు. వారసులు అమెరికాలో నున్నారు. పదిమంది బిడ్డలును వారి తల్లులును ఉండుటకు అంతకంటె మేలైన కట్టడము ప్రభుత్వపు ఇంజనీరులు కట్టలేరు. ఇల్లు దాతలిచ్చిన, వైద్యుని జీతము ప్రభుత్వమీయవలెను. జీతమునకు గూడ చందా లడుగు పద్ధతికి మేము సమ్మతింపము.

ఉభయ రాష్ట్రముల శాసనసభ్యులు రాబోవు సమావేశములలో అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. ప్రతి జిల్లా ఆస్పత్రిలోను మనోవ్యాధిగల పిల్లలకు పెద్దవారినుండి వేఱుగా ఎన్ని మంచములున్నవి? సమీక్షా బోర్డులు ఏయే జిల్లాలకు ఏర్పడినవి, కడపటిమారు ఏనాడు సమావేశమైనవి, బాలల ప్రవేశములను గత సంవత్సరమున ఎన్నింటిని విచారించినవి? నమోదైన పునరావాస కేంద్రములెన్ని, నమోదు కాక పట్టుబడినవెన్ని, వానిలో 18 ఏండ్లలోపువారెందఱు? సుప్రీంకోర్టు విధించిన కౌన్సెలరులను నియమించిన కాలేజీలెన్ని, నియమింపనివానిపై తీసికొన్న చర్య యేమి? ఈ ప్రశ్నలు వేయు సభ్యుని పేరును, మంత్రిగారి ప్రత్యుత్తరమును, ప్రత్యుత్తరము రానిచో ఆ సంగతిని, మేము జిల్లావారీగా ఈ పుటలోననే ప్రకటింతుము.